పదహారు రోజుల ట్రాఫిక్

శనివారం భోజనాలకు ఎవరింట్లో చేరినా, తిన్నాక ఎవరో ఒకరు అడుగుతారు. "అన్నా, ఆ సైగాన్ ట్రాఫిక్ సంగతి చెప్పు." నేను చెబుతాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. దారి లేకపోతే ఫుట్‌పాత్ ఎక్కి పోయే మోటార్‌సైకిళ్ళు, ఒక బండి వెనక ఫ్రిజ్‌ను కావలించుకొని కూర్చున్న మనిషి, వాన మొదలైన నిమిషంలో ఊరు ఊరంతా రంగురంగుల రెయిన్‌కోట్లలోకి దూరిపోవడం. అందరూ నవ్వుతారు. మా ఆవిడ ఆ సమయానికి వంటింట్లో ఏదో ఒక పని వెతుక్కుంటుంది. మూడేళ్ళుగా చెబుతున్న ఆ కథలో ఒక ముక్క మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, మొన్నటి శనివారం దాకా.

మేం ఉండేది న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. ఉద్యోగం మా ఆవిడది, వీసా ఆమెది. ఆమె వీసా మీద నాకు ఇక్కడ ఉండే హక్కు ఉంది, పని చేసే హక్కు లేదు. పొద్దున్నే పాపకు జడ వేసి స్కూల్ బస్ ఎక్కించడం, మధ్యాహ్నం దించుకోవడం, వంట, అన్నీ నావే. ఇది రాయడానికి ఇప్పుడు నాకు ఇబ్బంది లేదు. అప్పట్లో మా ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావని అడిగితే "కన్సల్టింగ్" అనేవాణ్ణి.

ఊళ్ళో మమ్మల్ని మేడవాళ్ళు అనేవారు. మా తాత ఉండగానే పొలాలు పోయాయి. నాన్న కాలంలో మేడ పోయింది, ఇప్పుడది ఎరువుల గోడౌన్. మాకు మిగిలింది నడిచే తీరు, కూర్చునే తీరు, కొన్ని అలవాట్లు. వాటిలో ఒకటి కాగితాలకు సంబంధించింది. మా తాత జిల్లా కోర్టుకు వెళ్ళేటప్పుడు దస్తావేజులన్నీ గుడ్డ సంచిలో పెట్టి చంకలో ఇరికించుకొనేవాడట. గుమాస్తా దాన్ని ముట్టుకోకూడదు. వకీలు అడిగినా చేతికిచ్చేవాడు కాదు, తానే పట్టుకొని వేలితో చూపించేవాడు. ఇంటి కాగితాలు ఇంటి పెద్ద చేతిలో ఉండాలి, ఆ పెద్ద మగవాడై ఉండాలి. కేసులన్నీ ఓడిపోయాక కూడా నాన్న ఆ సంచిని కొన్నాళ్ళు అలాగే మోసుకు తిరిగాడు. నా దాకా సంచి రాలేదు. అలవాటు వచ్చింది. అమెరికాలో మా పాస్‌పోర్ట్‌లు, వీసా కాగితాలు, పాప టీకాల కార్డు, అన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టి నా దగ్గరే ఉంచుకొనేవాణ్ణి. మా ఆవిడకు తన పాస్‌పోర్ట్ కావాలంటే నన్నడిగి తీసుకొనేది.

మూడేళ్ళ కిందట వేసవిలో ఆమె చెల్లెలి పెళ్ళి. ఇండియా వెళ్తే మళ్ళీ అమెరికాలోకి రావడానికి పాస్‌పోర్ట్‌లో కొత్త స్టాంపు ఉండాలి. మాది గడువు తీరిపోయింది. స్టాంపు కోసం అమెరికా బయట ఎక్కడో ఒకచోట కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు నిలబడాలి. హైదరాబాద్‌లో తేదీలు లేవు. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో అప్పటికే ఒకరిద్దరు వియత్నాం వెళ్ళి పని చేయించుకొని వచ్చారు. హో చి మిన్ సిటీ అని కాగితాల మీద ఉంటుంది కానీ అక్కడ అందరూ సైగాన్ అనే అంటారని వాళ్ళే చెప్పారు. మా ఆవిడ రాత్రీ పగలూ చూసి మా ఇద్దరికీ ఒక బుధవారం తేదీ పట్టింది. బుధవారం ఇంటర్వ్యూ, శుక్రవారం పాస్‌పోర్ట్‌లు చేతికి, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు.

పాపకు అప్పుడు ఏడేళ్ళు. పుట్టింది అమెరికాలోనే, దానికి స్టాంపు అక్కర్లేదు. బడి మానిపించడం ఎందుకని కింది ఫ్లోర్‌లో ఉండే స్నేహితుల ఇంట్లో ఉంచాం. నేను లేకుండా అది ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. బయలుదేరే రోజున షూ లేసులు కట్టించుకుంటూ అడిగింది.

"సండే లంచ్‌కి వస్తావ్ కదా నాన్నా?"

"వస్తాను."

"ప్రామిస్?"

"మేం మాట ఇస్తే తప్పం" అన్నాను. మేం అంటే ఎవరో దానికి తెలియదు. మేడవాళ్ళం అన్నమాట.

సైగాన్‌లో మొదటి రోజు నాకు గర్వంగా గడిచిందని చెప్పాలి. అక్కడ రోడ్డు దాటడం ఒక విద్య. బండ్లు ఆగవు, మనం ఆగకూడదు, పరుగెత్తకూడదు. ఒకే వేగంతో, వాళ్ళకు కనబడేలా నడుస్తూ పోతే ఆ వందల మోటార్‌సైకిళ్ళు మనకు అటూ ఇటూ చీలి వెళ్ళిపోతాయి. మా ఆవిడ మొదటిసారి మధ్యలో ఆగిపోయి నా చెయ్యి పట్టుకుంది. నాకు మాత్రం అది పుట్టుకతో వచ్చినట్టు వచ్చేసింది. వెన్ను నిటారుగా పెట్టి, ఎవరి వైపూ చూడకుండా నడిచాను. అటు పక్కకు చేరాక ఆమె నవ్వింది.

"మీకోసమే కట్టినట్టుందండీ ఈ ఊరు. అందరూ తప్పుకుంటున్నారు."

పొగిడిందో వెక్కిరించిందో నేను ఆలోచించలేదు.

మిగతావేవీ నాకు అంత సులువుగా రాలేదు. పేవ్‌మెంట్ మీద మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి నూడిల్స్ అమ్ముతారు. బ్యాంకు ఉద్యోగులు, అత్తా కోడళ్ళు, అందరూ వాటి మీదే కూర్చొని తింటారు. మా ఆవిడ టోఫూతో చేసిన శాకాహారం అడిగి తెలుసుకొని కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. మా ఇంట్లో అంత కింద కూర్చునేది పని మీద వచ్చినవాళ్ళు. ఆమె తింటున్నంతసేపూ కాపలావాడిలా నిలబడి, చివరికి నేనే ఆమె పని మీద వచ్చినవాడిలా కనబడి ఉంటాను.

బైక్ టాక్సీలు సరేసరి. ఫోన్‌లో బుక్ చేస్తే రెండు నిమిషాల్లో ఒక బండి వస్తుంది, నడిపే మనిషి ఒక హెల్మెట్ చేతికిస్తాడు, వెనక కూర్చొని పోవడమే. హోటల్లో రిసెప్షన్ అమ్మాయి మంగళవారం సాయంత్రమే చెప్పింది, పొద్దున వాన ఉంటుంది, కారులో వెళ్ళొద్దు, బైక్ అయితే ఇరవై నిమిషాలు అని. మా ఆవిడ సరేనంది. నేను కారే అన్నాను. ఎవరెవరి తలల మీదో చెమట పట్టిన హెల్మెట్ నెత్తిన పెట్టుకొని, ముక్కూ మొహం తెలియనివాడి నడుము వెనక కూర్చొని మా ఆవిడ ఇంటర్వ్యూకు వెళ్ళడం నాకు నచ్చలేదు. నేను వెళ్ళడం అసలే నచ్చలేదు.

ఇంటర్వ్యూ తొమ్మిదింటికి. ఏడున్నరకు బయలుదేరాం. కారు మా సందులోకి రాలేక చివరనే ఆగింది. అక్కడిదాకా నడిచేసరికే వాన. పాతిక నిమిషాలు బాగానే వెళ్ళాం. తర్వాత ఒక వంతెన దగ్గర ఆగింది, ఇక కదల్లేదు. అద్దాలకు రెండు వైపులా మోటార్‌సైకిళ్ళు మాత్రం కారుకూ కారుకూ మధ్య జానెడు సందులోంచి కారిపోతున్నాయి. ఎనిమిది ఇరవై అయింది.

"ఏవండీ, దిగి బైక్ ఎక్కేద్దాం."

"కదులుతుంది, ఉండు."

"ఎప్పుడు? మ్యాప్‌లో అంతా రెడ్ చూపిస్తోంది."

"ఈ వానలో బైక్ మీదా? మన ఇంట్లో ఆడవాళ్ళు ఎప్పుడైనా ఇలా..."

ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు. "మన ఇంట్లో ఆడవాళ్ళు రోజూ గంటన్నర ట్రైన్‌లో నిలబడి ఆఫీస్‌కి వెళ్తున్నారండీ. వాళ్ళకేం కాదు."

మా ప్లెయిన్స్‌బరోలో భార్యలు భర్తలను పేరుపెట్టి పిలుస్తారు, ఒరేయ్ అని పిలిచేవాళ్ళు కూడా ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ చెప్పిన ఒక్క మాటకు కట్టుబడి ఆమె నన్ను ఈనాటికీ మీరు అంటుంది. ఎంత కోపంలోనైనా ఆ 'అండీ' పోదు.

డ్రైవర్‌కు చెప్పి దిగింది. అతను కిటికీ దించి పక్కన పోతున్న బండ్లను కేకేశాడు. ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న ఒకతను ఆగి హెల్మెట్ ఇచ్చాడు. ఆమె ఇస్త్రీ చేసి తెచ్చుకున్న కుర్తా తడవకుండా తన రెయిన్‌కోటు వెనక భాగం ఆమె మీదుగా కప్పాడు. ఆమె ఎక్కి కూర్చొని వెనక్కి తిరిగింది.

"వెనకే ఇంకోటి ఎక్కేయండి. గేట్ దగ్గర ఉంటాను."

"వస్తాను" అన్నాను.

బండి రెండు కార్ల మధ్య దూరి మాయమైంది. నీలం ఫైల్ నా ఒళ్ళో ఉంది.

మా డ్రైవర్ ఊరుకోలేదు. ఇంకో బండిని ఆపాడు. ఈసారి ఆగింది ఒక ఆడమనిషి, యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. పూల డిజైన్ కోటు, మొహానికి గుడ్డ మాస్క్. కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. రెండో హెల్మెట్ తీసి, లోపల పట్టిన తడిని తన చేతి రుమాలుతో తుడిచి, కిటికీలోంచి నాకు అందించింది.

నేను చెయ్యి ఊపాను. వద్దని కాదు, పొమ్మని. మా తాత అలా ఊపడం నేను చూడలేదు, నాన్న ఊపడం చూశాను. మణికట్టు కదలదు, వేళ్ళు మాత్రమే కదులుతాయి. ఆమె ఒక క్షణం అర్థం కానట్టు చూసింది. హెల్మెట్ మళ్ళీ హ్యాండిల్‌కు తగిలించుకొని వెళ్ళిపోయింది.

తర్వాత మా ఆవిడకు చెప్పాను, కంగారులో ఫైల్ నా దగ్గరే ఉండిపోయిందన్న సంగతి మర్చిపోయానని. మర్చిపోలేదు. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. పాస్‌పోర్ట్ లేకుండా ఆమెను గేటు దాటనివ్వరని నాకు తెలుసు. వెళ్ళింది కదా, ఉండనీ, నేను వచ్చేదాకా అక్కడ నిలబడనీ అనుకున్నాను. ఆ మాట మనసులో ఇంత స్పష్టంగా అనుకున్నానా అంటే, ఇంత స్పష్టంగానే అనుకున్నాను. నాకు అప్పుడు కోపం కూడా లేదు. ఒకరకమైన తృప్తి ఉంది. నేను లేకుండా ఏదీ మొదలుకాని చోటు ప్రపంచంలో అదొక్కటే ఉన్నట్టు, కదలని కారులో ఒళ్ళో ఫైల్ పెట్టుకొని నిటారుగా కూర్చున్నాను.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారు? ఫైల్ మీ దగ్గరే ఉంది."

"ఉంది. వస్తున్నా."

"దేని మీద వస్తున్నారు?"

నేను కిటికీ అద్దం పైకెత్తాను.

"కారులోనే ఉన్నారా?" అంది. గొంతు పెంచలేదు. "పాప సండే అని లెక్కపెట్టుకుంటోందండీ."

అప్పుడు దిగాను. దిగాక ఒక్క బండీ ఆగలేదు. వాన గట్టిపడింది, అందరి వెనకా ఎవరో ఒకరున్నారు. ఫైల్ చొక్కాలో దోపుకొని వంతెన మీదుగా నడిచాను. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ నీళ్ళు చిమ్మి పోయారు తప్ప ఎవరూ నన్ను చూడలేదు. అవతల గట్టున ఎట్టకేలకు ఒక ముసలాయన ఆగాడు. హెల్మెట్ ఉందా లేదా అని కూడా చూడకుండా ఎక్కాను. ఆయన నడుం పట్టుకున్నాను. మలుపుల్లో ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

చేరేసరికి తొమ్మిది నలభై. మా తొమ్మిదింటి వరస లోపలికి వెళ్ళిపోయి, తలుపు దగ్గర తర్వాతి సమయం వాళ్ళు నిలబడ్డారు. ఎదురుగా, లోపలికి తీసుకెళ్ళనివ్వని ఫోన్లు దాచిపెట్టే కొట్టు ముందు, టార్పాలిన్ పట్టా కింద మా ఆవిడ ఉంది. కుర్తా పొడిగా ఉంది. ఎనిమిది నలభైకే చేరిందట. గార్డ్ మర్యాదగానే చెప్పాడు, ఈరోజుకు కుదరదు, మళ్ళీ తేదీ తీసుకోండి అని. ఆమె అతనికి థాంక్స్ చెప్పింది. నావైపు చూసి, "తల తుడుచుకోండి, జలుబు చేస్తుంది" అని తన చున్నీ ఇచ్చింది.

తేదీ పదహారు రోజుల తర్వాత దొరికింది. పాత స్టాంపు చెల్లదు కనుక అప్పటిదాకా మేమిద్దరం ఇంటికి వెళ్ళలేం.

ఆ సాయంత్రం వీడియోలో ఫోన్ చేశాం. ప్లెయిన్స్‌బరోలో అప్పుడు పొద్దున. పాపకు ఆంటీ జడ వేస్తోంది. పాయలు బిగుతుగా లేవు, నేనైతే ఇంకా బిగించేవాణ్ణి. మా ఆవిడే చెప్పింది.

"కన్నా, సండేకి కుదరట్లేదు. ఇక్కడ బాగా ట్రాఫిక్ ఉండి లేట్ అయింది. ఇంకో సిక్స్‌టీన్ డేస్ పడుతుంది."

పాప ఫోన్ దగ్గరికి వంగింది.

"సిక్స్‌టీన్ డేస్ ట్రాఫిక్ ఆ?"

వెనకనుంచి అంకుల్ పగలబడి నవ్వాడు. మా ఆవిడా నవ్వింది. పాప నవ్వలేదు. "నాన్నా, నువ్ మాట ఇస్తే తప్పం అన్నావ్" అంది. స్కూల్ బస్ వచ్చిందని ఆంటీ పిలిస్తే బ్యాగ్ తీసుకొని, ఫోన్ పెట్టేయకుండానే వెళ్ళిపోయింది. కుర్చీ ఒక్కటే కొంతసేపు కనబడింది.

ట్రాఫిక్ అన్న మాట అలా మా ఆవిడ నోటినుంచి మొదలైంది. నన్ను కాపాడటానికే అంది. నేను దాన్ని పట్టుకొని మూడేళ్ళు బతికాను.

ఆ పదహారు రోజులూ ఊళ్ళోనే తిరిగాం. ఆమె మూడేళ్ళుగా దాచుకున్న సెలవులు, చెల్లెలి పెళ్ళి కోసం దాచుకున్నవి, అక్కడే అయిపోయాయి. తర్వాత ఆ పెళ్ళికి మూడు రోజుల సెలవు మీదే వెళ్ళగలిగింది, తలంబ్రాల వేళకు దిగింది. సైగాన్‌లో ఎక్కడికి వెళ్ళినా బైక్‌ల మీదే వెళ్ళాం, ఆమె ముందు బండి మీద, నేను వెనక బండి మీద. ఆడవాళ్ళు నడిపే బండి వస్తే నేను మాస్క్ పైన కళ్ళ వైపు చూసేవాణ్ణి. ఆ రోజు హెల్మెట్ అందించిన ఆమె కాదు. అంత ఊళ్ళో మళ్ళీ ఎందుకు కనబడుతుంది? ఒకసారి భుజం పట్టుకోమని నడిపే ఆవిడ సైగ చేసినా నేను పట్టుకోలేదు. బ్రేక్ వేసేసరికి నా గడ్డం ఆమె హెల్మెట్‌కు కొట్టుకొని పెదవి చిట్లింది. అప్పటినుంచి పట్టుకున్నాను. నాలుగో రోజుకు స్టూల్ మీద కూర్చొని తిన్నాను కూడా. మోకాళ్ళు చెవుల దగ్గరికి వచ్చాయి. మా ఆవిడ గిన్నె నా వైపు జరిపింది.

రెండో ఇంటర్వ్యూ రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి నీలం ఫైల్ బల్ల మీద లేదు. రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి తన బ్యాగ్‌లో పెట్టుకొని, బ్యాగ్‌ను ఛాతీ మీదుగా వేసుకొని తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను అడగలేదు. నేనూ అడగలేదు. పని పది నిమిషాల్లో అయిపోయింది.

తిరిగి వచ్చాక స్నేహితుల ఇంటికి వెళ్తే పాప పరుగెత్తుకు రాలేదు. పెరుగన్నం తింటోంది. తానే కలుపుకొని, తానే తింటోంది. ఆంటీ నేర్పించిందట. ఒకరింట్లో కాఫీ తాగితే వారం తిరక్కముందే వాళ్ళను భోజనానికి పిలిచే మనిషిని నేను. ఇరవై రెండు రోజులు నా బిడ్డను చూసుకున్నవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక, "మావల్ల మీకు చాలా..." అని మొదలుపెట్టాను.

"ఏందన్నా నువ్వు, పిల్ల మా పిల్ల కాదా" అన్నాడు ఆ స్నేహితుడు. "ట్రాఫిక్‌కి నువ్వేం చేస్తవ్?"

"అదే" అన్నాను.

మొన్న శనివారం ఎడిసన్‌లో ఒకరింట్లో భోజనాలు. ఎప్పటిలాగే అడిగారు, చెప్పాను. ఫ్రిజ్ మనిషి దాకా వచ్చాను, నవ్వులు అయ్యాయి. పాపకు ఇప్పుడు పదేళ్ళు. సోఫా చేతి మీద కూర్చొని వింటోంది.

"నాన్నా, అమ్మ బైక్ మీద టైమ్‌కే వెళ్ళింది కదా. నువ్ ఎందుకు ఎక్కలేదు? నీకు బైక్ రాలేదా?"

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో పెద్దవాళ్ళెవరూ అడగలేదు. వంటింట్లో కుళాయి ఆగింది.

"వచ్చింది" అన్నాను. "ఒకావిడ ఆగింది. నేనే పంపేశాను."

"వాన కదన్నా, తడుస్తావని" అన్నాడు ఇంటాయన. నన్ను గట్టెక్కించాలని.

"తడుస్తానని కాదు. ఫైల్ నా ఒళ్ళోనే ఉంది. నాకు గుర్తుంది."

ఎవరికీ అది కథలో ముక్కలా వినబడలేదు. ఎవరో పాన్ డబ్బా తెరిచారు, మాట ఇంకెటో వెళ్ళింది. పాప నన్నే చూస్తూ ఉంది. అర్థమైందో లేదో తెలియదు. కొంతసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళి తల్లి పక్కన నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడే డ్రైవ్ చేసింది. పాప వెనక సీట్లో నిద్రపోయింది. రూట్ వన్ హైవే మీద ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మా ఆవిడ అడిగింది.

"హెల్మెట్ ఇచ్చిందా ఆవిడ?"

"ఇచ్చింది. రుమాలుతో తుడిచి ఇచ్చింది."

"ఏం చెప్పి పంపారు?"

"ఏం చెప్పలేదు. చెయ్యి ఊపాను."

సిగ్నల్ ఆకుపచ్చ అయింది. కొంతదూరం పోయాక మళ్ళీ అడిగింది.

"ఆవిడ వెళ్ళాక ఎంతసేపు కూర్చున్నారు, నేను ఫోన్ చేసేదాకా?"

"ఇరవై ఒక్క నిమిషాలు."

"లెక్కపెట్టారా?"

"డాష్‌బోర్డ్ మీద గడియారం ఉంది" అన్నాను.

ఆమె ఇండికేటర్ వేసి మా కాంప్లెక్స్ వైపు తిప్పింది.